ఎన్నడూ తెరవని గడియారం

జాక్రో గడియారాల కంపెనీ చరిత్ర నిజానికి చాలా చిన్నది. తెయోఫిల్ జాక్రో పుట్టాడు, జూరా కొండల మీద మంచు పడింది, గడియారం తయారైంది. మిగతాదంతా మునిమనవడు ఎడ్గార్ జురిక్ నుంచి పిలిపించిన ప్రచారం వాళ్ళు కలిపారు. నూట పాతికేళ్ళ పండుగకి వాళ్ళు అచ్చువేసిన పుస్తకం మూడు కిలోలు తూగింది. అందులో తెయోఫిల్ గారు ఆవుల పాకలో, చమురు దీపం ముందు, ఒంటిచేత్తో మొదటి గడియారం చేసేశారు. పక్కన నెమరేస్తున్న ఆవు పేరు కూడా రాశారు.

జేలీ పేరు మాత్రం రాయలేదు.

జేలీ అంటే ఆర్లెట్‌కి అమ్మమ్మ. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, జాక్రో గడియారాల్లో వెంట్రుకంత సన్నటి స్ప్రింగులు సరిచేస్తూ నలభై ఏళ్ళు కళ్ళు అరగదీసుకుంది. ఆర్లెట్‌దీ అదే కంపెనీలో అదే పని. ఈ శుక్రవారంతో ఆఖరు. పుస్తకం నలభయ్యారో పేజీలో అమ్మమ్మ ఫొటో ఉంది. దాని కింద "గుర్తు తెలియని కార్మికురాలు" అని ఉంది. అది చూసినప్పటి నుంచి ఆర్లెట్‌కి అన్నం సయించలేదు. తను వెళ్ళిపోతే జేలీని గుర్తుపట్టే మనిషే ఈ లోయలో మిగలదు.

"ఎడ్గార్ బాబూ, ఒక్క పేరు వేయించండి. ఆవుకిచ్చిన పాటి చోటు చాలు."

"మీకు తెలీదు ఆర్లెట్ గారూ, 'ఒంటిచేత్తో' అని అట్ట మీదే వేశాం. ఇప్పుడు ఇంకో చెయ్యి వస్తే కథంతా కంపైపోతుంది. అయినా ఆధారమేది? ఏదైనా కాగితం చూపించండి, మలిముద్రణలో చూద్దాం."

కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? ఇళ్ళలో పనిచేసిన ఆడవాళ్ళ పేర్లు కంపెనీ ఎక్కడా ఎక్కించలేదు. ఎక్కించని కంపెనీయే ఇప్పుడు ఎక్కడుందో చూపించమంటోంది. పెద్దింటి న్యాయం ఇలాగే ఉంటుంది మరి!

శుక్రవారం హాలు నిండిపోయింది. పూరేకుల్లా చెక్కిన జున్ను, తెల్ల వైను, హాంకాంగ్ నుంచి దిగిన పాత గడియారాల సేకర్తలు. మధ్యలో అద్దాల పెట్టెలో తెయోఫిల్ గారి ఒకటో నంబరు గడియారం. జెనీవా వేలంలో ఎడ్గార్ తిరిగి కొనుక్కొచ్చాడు.

"నూట పాతికేళ్ళలో ఇది ఒక్కసారి కూడా పాడవలేదు," అన్నాడు మైకులో. "మూత తెరవాల్సిన అవసరమే రాలేదు. ఈరోజు మీ కళ్ళముందే మొదటిసారి తెరుస్తున్నాం."

తెరుస్తున్నాం అంటే ఆర్లెట్ తెరవాలని. లోజాన్‌లో వ్యాపారం చదివిన ఎడ్గార్ చేతులకి సీసా మూతలు తప్ప మరోటి తెరవడం రాదు.

ఆర్లెట్ భూతద్దం కంటికి పెట్టుకుంది. వెండి మూత అంచు నిండా, తెరిచేటప్పుడు పడే చాకు గాట్లు. ఎన్నడూ తెరవని మూతకి ఇన్ని గాట్లా! గడియారం తెరిచి బాగుచేసినవాళ్ళు మూత లోపల తేదీ, చేసిన పని, తమ గుర్తు గీకాలన్నది ఆ లోయలో అందరూ పాటించే పద్ధతి. అమ్మమ్మ రోజుల్లో మగవాళ్ళకి కంపెనీ రెండక్షరాల గుర్తు ఇచ్చేది. ఆడవాళ్ళకి ఎందుకులే అని ఇవ్వలేదు. గుర్తు లేకపోతేనేం, పేరుంది కదా అని అమ్మమ్మ పేరంతా గీకేసేది.

"బాబూ, నిజంగా తెరవమంటారా?"

"తెరవండి, ఇంకా మీనమేషాలెందుకు?"

తెరిచింది. బల్ల మీది కెమెరా చూపిస్తుంటే, వెనక పెద్ద తెర మీద మూత లోపలి భాగం గోడంత కనిపించింది.

"1899 నవంబరు. స్ప్రింగు మార్చాను. జేలీ."

"1901 మే. అటూ ఇటూ ఊగే చక్రం మార్చాను. జేలీ."

"1904 మార్చి. మిగిలిన చక్రాలు మార్చాను. జేలీ."

"1907 జనవరి. తెయోఫిల్ గారు చేసినదాంట్లో ఇక మార్చడానికి ఏమీ మిగల్లేదు. జేలీ."

హాంకాంగ్ నుంచి వచ్చిన శ్రీమతి ఫాంగ్ కళ్ళజోడు సర్దుకుంది. "అయితే ఈ గడియారం చేసింది ఈవిడే కదండీ. ఎవరీ జేలీ?"

ఎడ్గార్ గ్లాసెత్తి గటగటా తాగాడు. "ఆవిడా... ఆవిడ మా..." అంటూ ఆర్లెట్ వైపు దీనంగా చూశాడు.

"నలభయ్యారో పేజీ తియ్యండి మేడమ్," అంది ఆర్లెట్. "గుర్తు తెలియని కార్మికురాలు. మా అమ్మమ్మ."

హాలంతా మూడేసి కిలోల పుస్తకాలు తిరగేస్తున్న చప్పుడు. ఆర్లెట్ కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు.

"ఆధారం సరిపోతుందా బాబూ? కాగితం కాదు లెండి, వెండి."

ఎడ్గార్ ఖాళీ గ్లాసే మళ్ళీ ఎత్తాడు. తెరిచినవాళ్ళు గుర్తు పెట్టకుండా మూత మూయకూడదు కాబట్టి ఆర్లెట్ సూది తీసుకుంది. ఆమెకి కంపెనీ ఇచ్చిన రెండక్షరాల గుర్తు ఉంది. అది గీకలేదు. అమ్మమ్మ పేరు కింద ఆనాటి తేదీ వేసి, "ఆర్లెట్, జేలీ మనవరాలు" అని పూర్తిగా గీకి మూత మూసింది.