ఎవరితో అనకండి

ఆ ప్రోగ్రాం ఊరూరా గ్రంథాలయాల్లో ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెబుతుంది. దానికి యజమాని లేడు. కోడంతా అందరి ముందూ తెరిచే ఉంటుంది, చేతనైనవాళ్లు వచ్చి బాగుచేసి పోతారు. జీతం భత్యం ఏమీ లేవు, అందుకే కాబోలు తగాదాలకు మాత్రం కొదవ లేదు. ఆ తగాదాలు తీర్చే పని అక్కది. చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ప్రోగ్రాం మొదలుపెట్టిన పెద్దాయనకు మాత్రం 'పిల్ల'. ఆమెకు కోడు రాయడం నేర్పింది ఆయనే. తండ్రి పోయాక, తిన్నావా అని ఆమెను అడిగే మనిషి కూడా ఆయనొక్కడే.

పెద్దాయన దగ్గర నుంచి నెల రోజులుగా ఒక్క వరుస కోడు రాలేదు. అందరూ మాట్లాడుకునే పేజీలో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు గానీ, చాటున చెవులు కొరుక్కోవడం మొదలైంది. పెద్దాయనకు ఎడమ చెయ్యి పడిపోయిందట! అక్క ఫోన్ చేస్తే ఆయన పగలబడి నవ్వాడు. "ఇప్పుడే రెండు చేతులా దుప్పటి పిండి ఆరేశానే పిల్లా!" నాలుగో రోజు ఆయన చేతిలోంచి గ్లాసు జారిపోయింది. వేళ్లు మళ్లీ కదల్లేదు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, నరాలు బాగానే ఉన్నాయే అని తల గోక్కున్నాడు.

ఆ తర్వాత, పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తున్నాడట అన్నారు. పంతొమ్మిదేళ్లుగా పల్లెత్తు మాట అనని ఇంటి ఓనరు రెండో రోజే వచ్చి గడువు పెట్టాడు. ఇదేంటని అడిగితే, "మీరే వెళ్తున్నారని విన్నానే" అన్నాడు. ఎక్కడ విన్నాడో ఆ ఓనరుకే గుర్తులేదు.

ఈ రోజు పొద్దున పరీక్షలమ్మాయి ఫోన్ చేసింది. కొత్త మార్పులన్నీ నడిపి చూసే పిల్ల గనక అందరూ అలాగే పిలుస్తారు.

"అక్కా, పెద్దాయన పోయారట కదా?"

అక్క ఆ ఫోన్ పెట్టేసింది. ఆయనకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తాడు.

"స్నానం చేస్తున్నానే! ఏం, కొంప మునిగిందా?"

ఆ గొంతు వినగానే ఆమెకు ఏడుపొచ్చింది. పుకారు లేచాక చెయ్యి పడిపోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంటికి రెండే పట్టాయి. ఇప్పుడు ఎంత గడువుందో ఎవరికి తెలుసు?

కోడులో తప్పు దొరికితే, ఏ వరుస ఎవరు ఎప్పుడు రాశారో చూసుకుంటూ వెనక్కి పోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఈ పుకారునూ అలాగే పట్టుకుంది. పరీక్షలమ్మాయి మాస్టారి పేరు చెప్పింది. ఆ ప్రోగ్రాం ఎలా వాడాలో పుస్తకం రాసిపెట్టే రిటైరైన టీచరాయన. నోట్లో నువ్వుగింజ నానదు.

"మీకెవరు చెప్పారు మాస్టారూ?" అక్క ఫోన్లో నిలదీసింది.

"అదేంటమ్మా, నువ్వే కదా!"

"నేనా?"

"నీ మెసేజీలు నువ్వే చూసుకో తల్లీ."

చూసుకుంది. నిన్న సాయంత్రం మాస్టారికి తను పంపిందే: 'పెద్దాయన ఫోన్ ఎత్తట్లేదు. ఆయనకేమైనా అయిందా? ఎవరితో అనకండి.' పైకి జరిపింది. 'ఇల్లు గానీ మారుతున్నారా? ఎవరితో అనకండి.' ఇంకా పైకి జరిపింది. 'కోడు రావట్లేదు. చెయ్యి గానీ బాగాలేదా? ఎవరితో అనకండి.' ఆ తేదీ, గ్లాసు జారడానికి ఐదు రోజుల ముందుది.

పేజీలో అడిగితే అందరూ కంగారు పడతారని చాటుగా అడిగింది. మూడు వీధుల అవతలే ఉన్న మనిషిని నేరుగా అడిగితే నొచ్చుకుంటాడని మొహమాటపడింది. ఎంత పని చేసింది ఆ పాడు మొహమాటం!

పరుగున వెళ్లింది. పెద్దాయన గదిలో పుస్తకాలు సగం అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. అక్షరాలు అరిగిన కీబోర్డు మాత్రం బల్ల మీదే ఉంది. ఆయన అంతా విన్నాడు, తిట్టలేదు.

"అయితే ఇది కూడా అందరి ముందే రాయి. నీ పేరు దాచకు" అన్నాడు.

మూడు పుకార్లూ, మూడు ప్రశ్నలూ, వాటి తేదీలూ పేజీలో పెట్టింది. 'ఇవన్నీ నా దగ్గరే పుట్టాయి. పెద్దాయన నా ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఇకమీద ఎవరికే అనుమానం వచ్చినా ఇక్కడే అడగండి' అని కింద రాసింది. సిగ్గుతో చెవులు మండిపోతుంటే పంపింది.

బల్ల మీద పెద్దాయన ఎడమచేతి చిటికెనవేలు కదిలింది. తర్వాత ఉంగరం వేలు.

"పిల్లా, చూడవే!" అన్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడే ఫోన్ గుర్రుమంది. మాస్టారు ఆమెకొక్కదానికే పంపిన మెసేజీ. 'అమ్మా, ఇందాక ఫోన్లో నీ మాట అదోలా వినిపించింది. గొంతు గానీ పోయిందా? ఒకరిద్దర్ని అడిగాను, వాళ్లకూ తెలియదట. ఎవరితో అనకండి అనే చెప్పానులే.'

ఈ మాస్టారింక మారడని చెప్పబోయి, అక్క పెద్దాయన వైపు తిరిగి నోరు తెరిచింది.

"ఏంటే? గట్టిగా చెప్పు" అన్నాడు పెద్దాయన.

మళ్లీ నోరు తెరిచింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

ఆమె కీబోర్డు లాక్కుంది. మాస్టారి మెసేజీని ఉన్నదున్నట్టు పేజీలో పెట్టి, కింద రాసింది. 'నా గొంతు ఇందాకటి దాకా ఉంది. ఇప్పుడు రావట్లేదు. మాస్టారు ఎవరిని అడిగారో వాళ్లు ఇక్కడ చెప్పండి. దయచేసి ఇక్కడే చెప్పండి.'

పేజీ అడుగున చదివినవాళ్ల సంఖ్య పదకొండైంది, ముప్పై అయింది, నలభై దాటింది. ఒక్కరూ జవాబు రాయలేదు.