వెనక సీటు

మార్లిస్ బకెట్టును మెల్లగా వంచి, పైన తేరిన నీళ్లను మాత్రమే క్యానులోకి వంపుతోంది. గ్రీన్ నది నీళ్లు బురద. రాత్రే చిటికెడు పటికపొడి వేసి ఉంచితే తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగుతుంది. పడవ ప్రయాణానికొచ్చిన నలుగురూ ఈ రోజంతా తాగాల్సిన నీళ్లవి. అంతలో ఆమె భర్త రాడ్నీ వచ్చి, మసిపట్టిన కాఫీ కెటిల్‌ను రెండో బకెట్టులో అడుగంటేదాకా ముంచాడు. మట్టంతా పైకి లేచింది.

"అవి తాగే నీళ్లు, రాడ్నీ."

"నీళ్లకేం కరువు? పక్కనే నది ఉందిగా."

అతని స్నేహితుడు గ్లెన్ నవ్వాడు. గ్లెన్ భార్య ట్వైలా కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. మార్లిస్ మళ్లీ పటికపొడి డబ్బా తీసింది. నీళ్లు తేర్చే పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు, అలాగని ఇంకెవరూ చేయలేదు. ఈ లోయలో ఎవరి మలం వాళ్లే ఇనప డబ్బాలో మోసుకుపోవాలి, నేల మీద వదలకూడదు. నలుగురి డబ్బాకూ మూత బిగించి పడవెక్కించే పని కూడా అలాగే ఆమె చేతికొచ్చింది. ఆమె పనిచేసే బడి ఆఫీసులో పదహారేళ్లుగా జరుగుతున్నదీ ఇదే. పిల్లాడు వాంతి చేసుకున్నా, ప్రిన్సిపాల్ అత్తగారికి పూలు పంపాలన్నా అందరూ ఆమె బల్ల వైపే చూస్తారు. "నీకు చెప్తే పని అయిపోయినట్టే" అంటారు. పెళ్లైన కొత్తలో రాడ్నీ తల్లి కూడా అదే మాట అంది. మెచ్చుకోలనుకుని మురిసిపోయినందుకు మార్లిస్‌కు ఇప్పటికీ తన మీదే కోపం.

ఈ ప్రయాణంలో ఆమె అడిగింది ఒక్కటే. ఇద్దరెక్కే పడవలో ముందున్నవాళ్లు తెడ్డు వేస్తారు, వెనకున్నవాళ్లు దారి తిప్పుతారు. ఇరవై రెండేళ్లుగా ఆమెది ముందు సీటే. ఒక్కరోజు వెనక కూర్చుంటానని మార్చిలోనే రాడ్నీని అడిగింది. మూడో రోజు నీదే అన్నాడు. అప్పటినుంచీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు చీపురుకర్రనే తెడ్డనుకుని తిప్పడం నేర్చుకుంది. ఇవాళే మూడో రోజు.

సామాను ఎక్కించాక వెళ్లి వెనక సీటు దగ్గర నిలబడింది.

"ఇవాళ గాలుంది, మార్లీ. రేపు చూద్దాంలే," అన్నాడు రాడ్నీ.

"రేపు పొద్దున్నే మోటారు పడవొచ్చి మనల్ని ఎక్కించుకుంటుంది. ఇంకెప్పుడు?"

"వచ్చే ఏడాది. నది ఎక్కడికీ పోదుగా."

"ఇద్దరెక్కే వీటికి విడాకుల పడవలని ఊరికే పేరు పెట్టారా?" అన్నాడు గ్లెన్.

"ఊరుకోవే, సరదాకొచ్చాం, ఇక్కడా పంచాయితీ ఎందుకు," అంది ట్వైలా, మార్లిస్ కళ్లలోకి చూడకుండా.

రెండు పక్కలా వెయ్యడుగుల ఎర్రరాతి గోడలు. ఫోను పలకదు. అలిగి వెళ్లిపోదామన్నా దారి లేదు. మార్లిస్ వెళ్లి ముందు కూర్చుంది.

మలుపు తిరగ్గానే ఎదురుగాలి కొట్టింది. ఆమె తెడ్డు తీసి మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుంది. ఆలోచించి చేసింది కాదు, చేతులు ఆడలేదంతే. పడవ అడ్డం తిరిగి, ఒడ్డున ఉన్న ముళ్లపొదల వైపు కొట్టుకుపోసాగింది.

"మార్లీ, వెయ్యి. తెడ్డు వెయ్యి."

ఆమె వేయలేదు.

"నువ్వు వెయ్యకపోతే నేనెట్లా తిప్పేది?"

అతని గొంతులో భయం. ఇన్నేళ్లలో ఆ మాట అతని నోట వినడం ఇదే మొదటిసారి. గెలిచినట్టు అనిపించాలి, అనిపించలేదు. ఇంతకాలం పడవను నడిపింది తనేనన్నమాట. ఎటు పోవాలో మాత్రం అతను చెప్పాడు. ఇది తెలిసి ఇప్పుడేం చేయాలి? మోటారు పడవ వచ్చే చోటు ఇంకా పద్దెనిమిది మైళ్లు. ఈలోగా దిగిపోవడానికి ఎక్కడా వీలు లేదు.

తెడ్డు మళ్లీ నీళ్లలో ముంచింది.

"అదీ, అలా వెయ్యి," అన్నాడు రాడ్నీ, ఊపిరి పీల్చుకుని. "బంగారు తల్లివి."

ఆమె ఏడుస్తూనే తెడ్డు వేసింది. వెనకున్న మనిషికి ముందున్న మనిషి ముఖం కనబడదు.