మూడుసార్ల చాటింపు

పటాన్‌చెరు బస్టాండు ఎదురుగా, మెట్ల కింద, నరసరాజు నెట్ సెంటర్ నడిచిన రోజులవి. వీరలక్ష్మి అక్కడ పొద్దున్నే కంప్యూటర్లు తుడిచి, సాయంత్రం దాకా టైపు పనులు చేసేది. ఆ ఇరుకు గదిలో ఫ్యాన్ల రొద, వేడెక్కిన తెరల వాసన తలచుకుంటే ఇప్పటికీ ఆమె మనసు మెత్తబడుతుంది.

ఆమె తల్లి మొగులమ్మ అంతకుముందు మందుల కంపెనీలో సీసాలు కడిగేది. అక్కడి మందుల ఘాటుకు దగ్గు పట్టుకుని మానేసింది. ఇంట్లో అవిసెల పొడి, నువ్వుల పొడి, ఎల్లిపాయ కారం దంచుతుంటే, నరసరాజు వాటిని అమ్మడానికి ఒక వెబ్‌సైటు తయారుచేసిచ్చాడు. ఆర్డర్లు వస్తే సరే. రాకపోతే దసరా తర్వాత మొగులమ్మ మళ్లీ ఆ సీసాల దగ్గరికి పోవాల్సిందే. కంపెనీకి మనుషుల్ని తోలే లేబర్ మేస్త్రి లింగం అప్పుడే ఒకసారి వచ్చి, పనికి వస్తావా అని అడిగిపోయాడు.

"ఈ నారింజరంగు గుర్తు సూడు, దీన్ని ఫీడ్ అంటరు," అన్నాడు నరసరాజు ఒకరోజు. "ఇది నొక్కి పెట్టుకున్నోళ్లకు, నువ్వు సైటుల కొత్తగ ఏం రాసినా వాళ్ల కంప్యూటర్‌లనే కనబడ్తది. వాళ్లు మన దగ్గరికి రానక్కర లేదు. మన మాటనే వాళ్లింటికి పోతది."

"అంటే మా నాయన పనే గద సార్, ఊర్ల చాటింపు ఏసుడు!"

నరసరాజు నవ్వాడు. వీరలక్ష్మి నవ్వలేదు. తండ్రి ఐలన్న డప్పు వెనకాల చిన్నప్పుడు ఊరంతా నడిచిన పిల్ల ఆమె. ప్రతి మలుపు దగ్గరా ఆగి ఆయన ఒకే మాట మూడుసార్లు చెప్పేవాడు. మొదటిసారి చెవిన పడడానికి, రెండోసారి అర్థం కావడానికి, మూడోసారి పొయ్యి దగ్గరి ఆడవాళ్లు బయటికి వచ్చాక వాళ్లకోసం.

ఫీడ్‌నూ ఆమె అలాగే నడిపింది. 'ఇయ్యాల అవిసెల పొడి దంచినం, కావాలన్నోళ్లు చెప్పండి' అని పొద్దున, మధ్యాహ్నం, పొద్దుగూకే ముందు రాసేది. నువ్వుల పొడికీ అంతే.

కొన్నాళ్లకు నరసరాజు తల పట్టుకున్నాడు. "ఏందమ్మా గిది? సగం మంది ఫీడ్ తీసేసుకున్నరు. ఒకాయనైతే 'నాకు చెవుడు లేదు తల్లీ' అని రాసిండు!"

"మూడుసార్లు చెప్పకుంటే ఎట్ల తెలుస్తది సార్?"

"రాసింది ఆడనే ఉంటది పిల్లా! డప్పు సప్పుడు లెక్క గాలిల కలిసిపోతదా?"

వీరలక్ష్మి ఇంటికి వచ్చి చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఐలన్న బీడీ పక్కన పెట్టాడు.

"చాటింపు తప్పు పోతే మల్ల అదే గల్లీకి పోయి చెప్పాలె బిడ్డా. సంత మంగళారమైతే నేను బేస్తారమని చాటలేదా? మల్ల ఊరంత తిరిగిన, అందరితోని తిట్లు తిన్న."

"అండ్ల సగం తిట్లు నాయే," అంది మొగులమ్మ దగ్గుతూనే.

మర్నాడు వీరలక్ష్మి ఫీడ్‌లో పొడుల మాటే ఎత్తలేదు. తండ్రి చాటింపు ఎలా వేస్తాడో, తాను అదే పద్ధతి ఎందుకు పట్టుకుందో రాసింది. 'తప్పైంది, ఇగనుంచి ఒక్కసారే చెప్త' అని ముగించింది.

ఫీడ్ తీసేయకుండా మిగిలినవాళ్లు దాన్ని తమవాళ్లకు పంపారు. వాళ్లు ఇంకొకరికి పంపారు. భివండీలో మగ్గం నడిపే ఒకాయన, డప్పు విని ఎన్నేళ్లయిందో తల్లీ అని రాసి, ఎల్లిపాయ కారం అడిగాడు. సూరత్ నుంచి ఒకామె అన్ని పొడులూ పంపమంది. ఇంకొకరు, మాకైతే మూడుసార్లే చెప్పమన్నారు.

"ఇప్పుడెవల మాట ఇందాం?" అని నరసరాజు పడీపడీ నవ్వాడు.

దసరా వెళ్లాక లింగం వాకిట్లోకి వచ్చాడు. "ఏం వదినే, రేపు కంపెనీ బండి ఎక్కుతవా?"

రోకలి ఆపకుండానే మొగులమ్మ అంది: "నాకు పురుసత్ యాడిది లింగం? గా జల్లెడ జెర ఇటియ్యి."

లింగం చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.