పంపాయన పెరట్లో పేనుబంక

ఇరవై రెండేళ్ళు పురుగులమందు కొట్టిన అతన్ని వీధిలో అందరూ పంపాయన అనేవారు. వీపున పంపు, ముక్కుకు గుడ్డ, చేతులకు రబ్బరు తొడుగులు, అదీ అతని వాలకం. హోటళ్ళలో బొద్దింకలు కానీ, గోదాముల్లో చెదలు కానీ, పెద్దిళ్ళ తోటల్లో గొంగళిపురుగులు కానీ, పొద్దున కబురు పెడితే సాయంత్రానికి చీపురు పట్టుకుని ఊడ్చుకోవడమే మిగిలేది. పనిలో అతనికి వంక పెట్టినవాళ్ళు లేరు.

అతని ఇంటి వెనక పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఖాళీ స్థలం ఉండేది. పంపులో మిగిలిన మందు పారబోయడం దేనికని తెచ్చి అక్కడే చల్లేవాడు. ఆ నేల మీద చీమ కూడా పాకేది కాదు. అదే శుభ్రం అనుకునేవాడు. బేకరీలో పనిచేసే అతని భార్య అక్కడ రెండుసార్లు చిక్కుడు వేసింది. రెండుసార్లూ పూత నిండుగా వచ్చింది, కాయ కట్టలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అతను "నేల మంచిది కాదు" అని తేల్చేశాడు.

ఆ ఏడు వేసవి చివర్లో అతని చేతులు వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసు తొణికింది. తర్వాత చొక్కా గుండీలు పట్టుబడలేదు. డాక్టరు రక్తపరీక్ష కాగితం రెండుసార్లు తిరగేసి, ఆరు నెలల పాటు మందు వాసన కూడా తగలకూడదన్నాడు. కంపెనీ మేనేజరు సెలవిచ్చాడు. పంపాయన ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోవడం ఎలాగో అతనికి తెలియదు. గది నుంచి వరండాకి, వరండా నుంచి గదికి కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అతని వదిన వచ్చింది. భార్యకు సొంత అక్క, దర్జీ. ఆమె అద్దెకుండే ఇంటిని పడగొట్టి కడుతున్నారు, ఏడాది పడుతుందన్నారు. ఒక కుట్టుమిషను, రెండు పెట్టెలు, మూడు గోతాల నిండా కత్తిరింపు ముక్కలతో దిగింది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను వేసుకుంది. మర్నాడు పొద్దున టీ తాగుతూ పెరటి తలుపు తీసి చాలాసేపు చూసింది.

"మరిదీ, ఇక్కడ పిట్ట కూడా వాలదేం?"

"వాలి ఏం తింటుంది వదినా? ఏమీ ఉంచలేదుగా," అన్నాడతను కాస్త గర్వంగానే.

"అదే అడుగుతున్నా."

ఆమె ఆ పెరడు తనకిమ్మంది. ఒకే షరతు, తనున్నంత కాలం అక్కడ మందు చుక్క పడకూడదు. డాక్టరు మాట ఉండనే ఉంది కాబట్టి అతను సరేనన్నాడు. మందు డబ్బాలున్న గది తాళంచెవి భార్య తన సంచిలో వేసుకుని బేకరీకి వెళ్ళిపోయింది.

వదిన కూలీని పెట్టి పైమట్టి మూరెడు లోతు తీయించి లారీకెత్తించింది. ఊరి చివర చెరువు పూడిక తీస్తుంటే ఆ మట్టి తోలించింది. దాని మీద ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, తన గోతాల్లోని నూలు ముక్కలు పొరలు పొరలుగా పరిచింది. పాలిస్టరు ముక్కలు మాత్రం ఏరి పక్కన పెట్టింది. గుడ్డ పట్టుకుంటేనే ఏది నూలో ఏది కాదో ఆమె వేళ్ళకు తెలుసు. పంపాయనకు అదంతా చెత్తకుప్పలా కనిపించింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "మీ ఆయనకు పని లేకపోతే మాత్రం ఇంట్లో చెత్త పోగేస్తారా?" అని అతని భార్యను అడిగింది. భార్య, "మా అక్కను అడగండి, నాకెందుకు," అంది.

మొదటి వానలు పడ్డాయి. ఆకుల కింద నేల మెత్తబడింది. ఒకరోజు వదిన పిలిస్తే వెళ్ళి చూశాడు. ఆమె ఆకులు పక్కకు నెట్టి, వేలంత వానపామును చూపించింది. అది మెల్లగా మట్టిలోకి జారుకుంది. ఆ సాయంత్రం ఆమె లేనప్పుడు మళ్ళీ ఆకులు నెట్టి చూశాడు. మూడు కనిపించాయి.

చిక్కుడు, బెండ, అంచుల వెంట బంతి వేసింది. చిక్కుడు తీగ పందిరి అందుకునేసరికి ఆకురసం పీల్చే పేనుబంక పురుగు వచ్చింది. లేత కొసలన్నిటికీ నల్లగా, జిగటగా, ఆవాలు అతికించినట్టు పట్టేసింది. అవి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు బారులు తీరాయి. ఆకులు ముడుచుకున్నాయి. పంపాయనకు చేతులు దురద పెట్టాయి.

"వదినా, రెండు మూతల మందు, ఒక్క బకెట్టు నీళ్ళు. అరగంట పని."

"నాకు తెలుసు."

"తీగ చచ్చిపోతే?"

"పోతే ఇంకోటి పెడదాం. ముందు ఎవరొస్తారో చూడనీ."

"ఎవరొస్తారు? చుట్టాలా?"

ఆమె నవ్వి మిషను తొక్కుకుంది. అతని పోరు పడలేక పొద్దునపూట గట్టిగా నీళ్ళు చిమ్మి కొంత బంకను మాత్రం రాల్చేది. అవి రెండు రోజుల్లో మళ్ళీ పట్టేవి.

వారం తర్వాత ఆమె కుట్టిన బట్టలు ఇవ్వడానికి పొరుగూరు వెళ్ళి రెండు రోజులు ఉండిపోయింది. ఆమె వెళ్ళిన మర్నాడు పొద్దున పంపాయన పందిరి కిందికి వెళ్ళి చూస్తే కొత్తరకం పురుగులు. వడ్లగింజంత పొడుగు, నల్లటి ఒళ్ళు, వీపున నారింజరంగు మచ్చలు, ఒళ్ళంతా ముళ్ళు. ఆరు కాళ్ళతో కొసల మీద చురుగ్గా తిరుగుతున్నాయి. ముఖం చూస్తేనే దొంగని తెలుస్తుంది అనుకున్నాడు. ఆకులు ముడుచుకోవడానికి ఇవే కారణమని ఒక్క క్షణంలో తేల్చేశాడు. తాళంచెవి ఎలాగూ లేదు, చేతులతోనే మొదలుపెట్టాడు. వణుకుతున్న వేళ్ళతో ఒక్కొక్కటీ పట్టి నలిపాడు. మధ్యాహ్నానికి పందిరి ఒకవైపంతా శుభ్రమైంది. ఎన్నాళ్ళకో పని చేసినట్టనిపించింది. ఆ రోజు అన్నం రుచిగా ఉంది.

ఇంకోవైపు నుంచి ఏడింటిని మాత్రం చంపకుండా పట్టి గాజుసీసాలో వేశాడు. కంపెనీకి వెళ్ళాక ఏ మందు దీనికి పనిచేస్తుందో అడగాలని. బంక పట్టిన ఒక చిక్కుడు కొస తుంచి లోపల పెట్టి, మూతికి వదిన ముక్కల్లోంచి పలచటి గుడ్డ కట్టాడు. అవి ఆకును ఎలా కొరుకుతాయో చూద్దామని సీసా దగ్గర కూర్చున్నాడు.

ఆకును కొరకలేదు. పెద్దది ఒకటి పేనుబంక దగ్గరికి వెళ్ళి ఒకదాన్ని పట్టి పీల్చేసింది. తర్వాత రెండోదాన్ని. అతను లెక్కపెట్టాడు. టీ వేళయ్యేసరికి ముప్పై నాలుగు. చీకటి పడేసరికి ఆ కొస ఉత్త పచ్చగా ఉంది, ఎక్కడా ఒక్క గాటు లేదు.

అతను సీసాని కిటికీలో పెట్టి చాలాసేపు దాని ఎదుటే నిలబడ్డాడు. భార్య వచ్చి ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాడు.

వదిన తిరిగొచ్చాక కూడా చెప్పలేదు. మింగలేక కక్కలేక వారం గడిపాడు. రోజూ పొద్దున కొత్త కొస తెచ్చి సీసాలో పెట్టేవాడు. అతను నలిపిన వైపు తీగ రోజురోజుకీ నల్లబడింది. చేయి పడని వైపు కోలుకుంటోంది. వదినకు ఈ తేడా అర్థం కాలేదు. తీగలకు తెల్లదారం, ఎర్రదారం కట్టి గుర్తులు పెట్టుకుని, "నీళ్ళు ఒకేలా పోస్తున్నానే," అని గొణుక్కునేది. ఆ మాట విన్న ప్రతిసారీ అతను లోపలికి వెళ్ళిపోయేవాడు.

సీసాలో ఒక్కొక్కటే తిండి మానేసి, తోకతో ఆకుకు అతుక్కుని, ముడుచుకుని కదలకుండా ఉండిపోయాయి. చచ్చాయనుకున్నాడు. మొదటిది అలా ముడుచుకున్న అయిదోరోజు పొద్దున ఆ గూడు చిట్లి దానిలోంచి లేత పసుపురంగు గుండ్రటి పురుగు బయటికొచ్చింది. ఒంటి మీద మచ్చ లేదు. టీ తాగేలోపు కాస్త ముదిరింది. మధ్యాహ్నానికి ఎర్రబడి, రెక్కల మీద నల్లచుక్కలు తేలాయి. అక్షింతల పురుగు. చిన్నప్పుడు అరచేతిలో పెట్టుకుని ఆడుకున్నదే.

సీసా తీసుకెళ్ళి మిషను మీద, సగం కుట్టిన జాకెట్టు పక్కన పెట్టాడు.

"ఇది వదినా. దీని పిల్లల్ని నేను చంపాను. ఆ కుడివైపు మొత్తం."

ఆమె కాలు ఆగింది. సీసా ఎత్తి వెలుగులో చూసింది.

"ఎన్ని?"

"వంద దాటి ఉంటాయి."

"నల్లగా, ముళ్ళతో ఉన్నవేనా? నేనూ చూశాను. నాకూ భయమేసింది. అదేమిటో తెలీదు."

"తెలీకపోతే మీరెందుకు చంపలేదు?"

"తెలియని గుడ్డ వస్తే ఇస్త్రీపెట్టె తీసి మధ్యలో పెడతామా మరిదీ? ఒక మూల పెట్టి చూస్తాం. కాలితే మూలే కాలుతుంది." సీసా తిరిగి అతని చేతికిచ్చింది. "నువ్వు ఇరవై రెండేళ్ళు నడిమధ్యలో పెట్టావు. అంతే."

ఆమె కోపగించుకుంటుందనుకున్నాడు. ఆమె మళ్ళీ మిషను తొక్కింది. తిట్టినా బాగుండునని అనిపించింది అతనికి.

ఏడింటిలో ఆరు బతికాయి. వాటిని నల్లబడిన తీగ మీద ఒక్కొక్కటిగా వదిలాడు. రెండు వెంటనే గోడ దాటి ఎగిరిపోయాయి. నాలుగు ఉండిపోయాయి. అయినా ఆ వైపు తీగ దక్కలేదు, పీకి కుప్పలో వేశారు. ఎడమవైపు మాత్రం కాయ కట్టింది. మొదటిసారి కోసినవి ముగ్గురికీ ఒక పూట కూరకు సరిపోయాయి. భార్య గిన్నె దించుతూ, "ఇదేనా నేల మంచిది కాదన్నది?" అంది. అతను ఇంకొంచెం వడ్డించుకున్నాడు.

ఆరు నెలలయ్యాక డాక్టరు వణుకు తగ్గిందన్నాడు, పూర్తిగా పోదన్నాడు, పాత పనికి మాత్రం వెళ్ళొద్దన్నాడు. కంపెనీకి ఆ మాట చెప్పి వస్తుంటే, తోటకు ఎన్నో ఏళ్ళుగా మందు కొట్టించుకుంటున్న ఒకావిడ దారిలో పట్టుకుని గులాబీలు చూడమంది. వెళ్ళాడు. పేనుబంక ఉంది, అదే నల్లటి పిల్లలూ ఉన్నాయి. పది రోజులు ఆగమన్నాడు. ఎందుకో కూడా కూర్చుని చెప్పాడు.

ఆవిడ శ్రద్ధగా విని, "మీకు ఒంట్లో బాగాలేదని విన్నాను, పాపం," అంది. మర్నాడు వేరే మనిషిని పిలిపించుకుంది.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే వదిన తల ఊపింది. "నీకెన్నాళ్ళు పట్టింది?"

"చాలా."

"ఆవిడకీ పడుతుంది. పట్టకపోవచ్చు కూడా."

ఏడాది తిరిగేసరికి వదిన కొత్తింటికి వెళ్ళిపోయింది. పంపాయన మొక్కలు పెంచి అమ్మేచోట నీళ్ళు పట్టే పనిలో చేరాడు. అక్కడి యజమాని పురుగు కనబడిందంటే కంగారుపడే రకం. పంపాయన తొందరపడడు. కళ్ళజోడు పెట్టుకుని, ఆకు తిరగేసి, వంగి చూస్తూ ఉంటాడు. ఎంతసేపు చూస్తావని యజమాని అడిగితే, ఇంకా ఏం తింటోందో తేలలేదంటాడు.