మా బడికి ఫ్రెంచి వచ్చిన ఏడాది

ఆ చలికాలం మా పేట జనం చేసిన పని లోకంలో ఇంకెవరూ చేసి ఉండరు. మా పిల్లల బడిని మా చేతుల్లోంచి తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, కడుపునిండా భోజనం పెట్టి పంపించాం. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

మాది కెనడాలోని విన్నిపెగ్‌లో రైలు యార్డుని ఆనుకున్న పేట. మా తాతలు ఉక్రెయిన్ నుంచీ పోలండ్ నుంచీ వచ్చి, రైల్వేలో చేరి కట్టుకున్న చిన్న చిన్న చెక్క ఇళ్ళు. మధ్యలో ఎర్ర ఇటుకల బడి. పిల్లలు నడిచే వెళతారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, సూపు తాగి మళ్ళీ వెళతారు. ఈ మధ్య పిల్లలు తగ్గిపోయి సగం గదులు ఖాళీగా ఉంటున్నాయి. నది పక్కన కొత్తగా లేచిన పెద్ద ఇళ్ళవాళ్ళకేమో ఫ్రెంచి బడి కావాలి. లెక్కలూ సైన్సూ ఆటలూ పాటలూ సమస్తం ఫ్రెంచిలోనే చెప్పే బడి. స్కూలు బోర్డువాళ్ళు మ్యాపు ముందేసుకుని చూస్తే మా బడి కనబడింది. దాన్ని ఫ్రెంచి బడి చేసేసి, ఇంగ్లీషులో చదువుకుంటున్న మా పిల్లల్ని యార్డు అవతలి పెద్ద బడికి బస్సులో పంపిస్తామన్నారు.

ఫ్రెంచి మీద నాకేం పగ లేదు. రెండు భాషలొస్తే పిల్లలకి మంచిదేగా అని మా పేటలోనే కొందరన్నారు. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ అందులో చేరాలంటే ఒకటో తరగతిలోనే చేరాలి. అది దాటిన పిల్లలకి చోటు లేదు. అంటే అక్కడ చదువుతున్న పిల్లలే బయటికి పోవాలన్నమాట. వాళ్ళలో ఎమెట్ ఒకడు.

ఎమెట్ మా పక్కింటి లియోనీ మనవడు. కూతురు జబ్బు చేసి పోతే, వాణ్ణి తెచ్చుకుని పెంచుతోంది. వచ్చినప్పుడు వాడికి నాలుగేళ్ళు, నోట్లో మాట లేదు. ఆకలేస్తే వెళ్ళి ఫ్రిజ్ దగ్గర నిలబడేవాడు. డాక్టర్లు చూసి చెవులు బాగానే ఉన్నాయి, గొంతు బాగానే ఉంది అన్నారు. మా బడి మూడో నంబరు గదిలో కోరిన్ అని ఒక టీచరుండేది. ఆ పిల్ల వాణ్ణి బతిమాలలేదు, బెదిరించలేదు. పక్కన కూర్చోబెట్టుకుని రోజూ ఒక పుస్తకం పైకి చదివేది. అలా చాలా రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం వాడు ఇంటికొచ్చి, సూపు నోట్లో పెట్టుకుని, "వేడిగా ఉంది" అన్నాడట. లియోనీ చలికోటు కూడా వేసుకోకుండా మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"వాండా, వాడు మాట్లాడాడే! సూపు వేడిగా ఉందన్నాడే!"

"ఇన్నాళ్ళూ చల్లారిన సూపు పోశావేమో చూసుకో," అన్నాను. నవ్వుతూ మొదలుపెట్టి ఇద్దరం ఏడ్చేశాం.

మాటల తర్వాత చదువూ వచ్చింది. రెండో తరగతికి వచ్చేసరికి అటుకుల డబ్బా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. అయితే కొత్త చోటికి తీసుకెళితే మాత్రం మళ్ళీ నోరు మూతపడేది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన రోజు రాత్రి దాకా పలికేవాడు కాదు. అలాంటివాణ్ణి ముక్కూ మొహం తెలియని వందలమంది పిల్లల మధ్య దింపుతామంటున్నారు. కోరిన్‌ని ఇంకెక్కడికో వేస్తారట. లియోనీకి తిండి సయించడం మానేసింది.

"మళ్ళీ మూగవాడైపోతాడే వాడు," అనేది. "ఈసారి తెరిపించడానికి ఎవరున్నారు?"

ఫిబ్రవరిలో బోర్డువాళ్ళు పేట అభిప్రాయం వింటామని బడి జిమ్‌లో, అంటే పిల్లల ఆటల హాల్లో, మీటింగు పెట్టారు. సాయంత్రం ఆరింటికి. ఆరంటే భోజనాల వేళ. ఆ వేళకి మా జిమ్‌లో అడుగుపెట్టినవాణ్ణి ఆకలితో పంపించడం మాకు చేతకాదు. పంటలైపోయాక ఏటా విందు చేసుకునేదీ, ఎవరైనా పోతే భోజనాలు పెట్టేదీ అక్కడే. అందుకని ఒకరికొకరు చెప్పుకోకుండానే పెద్ద పెద్ద గిన్నెలు దిగిపోయాయి. బంగాళాదుంప ముద్ద కూరి ఉడికించి, ఉల్లిపాయలు వెన్నలో వేయించి పైన పోసిన పెరోగీలు, క్యాబేజీ ఆకుల్లో చుట్టి ఉడికించిన అన్నం, బీట్‌రూట్ సూపు. బయట ఎముకలు కొరికే చలి, లోపల పెళ్ళివారిల్లు.

బోర్డు మెంబరు టఫర్డ్ మారు మీద మారు పెట్టించుకున్నాడు. "ఇంత ఆదరణ నేనెక్కడా చూడలేదమ్మా," అన్నాడు ప్లేటు చాపుతూ.

"తినండి టఫర్డ్ గారూ, మొహమాటపడకండి," అంది మా పేట ఓల్గా. ఆ మనిషి ఎందుకొచ్చాడో తెలిసే అంది, పైగా ఇంకో గరిటె వేసింది.

తర్వాత మైకు పెట్టారు. నది పక్కవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి చక్కగా మాట్లాడారు. మెరెడిత్ అని ఒకావిడ, చెడ్డమనిషేం కాదు, పిల్లల భవిష్యత్తు గురించి చెబుతూ అందరికీ దణ్ణాలు పెట్టినంత పనిచేసింది. మరి మావాళ్ళు? సగంమంది వంటగదిలో గిన్నెలు తోముతున్నారు. మిగతావాళ్ళు, మన చేతి కూడు తిన్నవాడి మొహాన వద్దని ఎలా చెబుతాం అని నేల చూపులు చూస్తున్నారు. "నువ్వు లే" అంటే "నువ్వే లే" అని మోచేతులతో పొడుచుకుంటున్నారు. ఛీ, ఏం మనుషులం! నేను చేతులు తుడుచుకుని వంటగదిలోంచి బయటికొచ్చేసరికి లియోనీ లేచింది.

ఏం చెప్పాలో ఇంగ్లీషులో బట్టీ పట్టి, అంతకుముందే నాకు అప్పజెప్పింది. మైకు ముందు నిలబడి, నోరు తెరిచి, ఆగిపోయింది. అప్పుడు మొదలుపెట్టింది, ఫ్రెంచిలో.

నేను నిలువునా నీరైపోయాను. ఇన్నేళ్ళ పక్కింటి సావాసంలో ఆమె నోట ఒక్క ఫ్రెంచి ముక్క వినలేదు. పుట్టింది ఫ్రెంచివాళ్ళింట్లో అని మాత్రం తెలుసు. ఆమె ఆగకుండా మాట్లాడింది. మూడో గదివైపు చెయ్యి చూపించింది. గుండె మీద చెయ్యి వేసుకుంది. ముగించేసరికి నది పక్కవాళ్ళంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మెరెడిత్ కళ్ళు తుడుచుకుంది. వాళ్ళలో ఒక్కరికైనా ఫ్రెంచి వస్తే ఒట్టు!

టఫర్డ్ మైకు అందుకున్నాడు. "చూశారా, ఫ్రెంచి ఈ పేటకి కొత్త కాదు. ఈ పెద్దావిడ మనందరి మనసులో మాట చెప్పేశారు."

"కాదు, కాదు," అంది లియోనీ, ఈసారి ఇంగ్లీషులోనే. ఆ చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

ఇంటికి మంచులో నడిచి వస్తూ అడిగాను. "ఏం చెప్పావు లియోనీ?"

"వాడి మాట లాక్కోకండి అన్నాను. నాకు ఏడేళ్ళప్పుడు ఇదే బడిలో నా మాట లాక్కున్నారు. ఫ్రెంచిలో మంచినీళ్ళడిగానని నోట్లో సబ్బు పెట్టి కడిగించారు. మా అమ్మ హడలిపోయి ఇంట్లో కూడా మాన్పించేసింది. ఇప్పుడు అదే ఫ్రెంచి తెచ్చి నా మనవడి నోరు మూయిస్తారా అన్నాను."

"అది ఇంగ్లీషులో చెప్పుంటే..."

"చెబుదామనే లేచానే. రాలేదు. అంత ఏడుపు నాకు ఇంగ్లీషులో రాదు."

మర్నాడే నేను బోర్డు ఆఫీసుకి వెళ్ళాను. ఆవిడ వద్దు మొర్రో అని ఏడిస్తే మీరు చప్పట్లు కొట్టారు, ఇదేం న్యాయం అని అడిగాను. టఫర్డ్ తల పంకించాడు. "ఆవిడ అన్నదేమిటో తర్వాత మా బోర్డు ఫ్రెంచి టీచరు చెప్పిందండీ, నాకు చాలా బాధేసింది. కానీ మీ పేటలో ఆవిడ తప్ప ఇంకెవరూ కాదనలేదు కదా. అభిప్రాయాలు చెప్పే గడువూ నిన్నటితో అయిపోయింది. మీ ఆతిథ్యం మాత్రం..."

"ఆ తిండి మీకు అరక్కుండా పోను!" అనేసి వచ్చేశాను. అది తప్ప నాకేం చేతనైంది?

సెప్టెంబరులో పసుపు బస్సు వచ్చింది. ఎమెట్ ఏడవలేదు, పేచీ పెట్టలేదు. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. లియోనీ గేటు పట్టుకుని నిలబడి, బస్సు మలుపు తిరిగాక కూడా అలాగే ఉండిపోయింది. మొదట బడిలో మాట్లాడటం మానేశాడు, తర్వాత బస్సు దిగాక, తర్వాత ఇంట్లో. నెల తిరిగేసరికి మళ్ళీ ఫ్రిజ్ దగ్గర నిలబడుతున్నాడు. కొత్త బడి నుంచి ఎవరో టీచరు ఫోన్ చేసి ఎంతో మర్యాదగా అడిగింది. "మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారండీ? బాబుకి ఇంగ్లీషు అర్థమవుతుందా?" లియోనీ ఫోన్ నా చేతికిచ్చేసి లోపలికి వెళ్ళిపోయింది.

అక్టోబరులో మెరెడిత్ గుమ్మడికాయతో తీపి రొట్టె చేసి పట్టుకుని లియోనీ గుమ్మంలోకి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ఫ్రెంచి బడికి ప్రారంభోత్సవం చేస్తున్నారట. ఆరోజు మీరు మాట్లాడింది మేమెవరమూ మరిచిపోలేదు, మా పిల్లలకి మీ నోటితో ఫ్రెంచిలో రెండు మాటలు చెప్పాలి అంటుంది. పాపం, ఆ మాటల అర్థం ఆమెకి ఎవరూ చెప్పనట్టుంది, నిజంగానే ప్రేమగా అడుగుతోంది. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది. "రాను," అనబోయింది లియోనీ. ఆమె వెనకనుంచి ఎమెట్ బయటికొచ్చాడు.

"నేను కూడా వస్తే రానిస్తారా?"

ఎన్ని వారాల తర్వాత విన్నాం ఆ గొంతు! లియోనీ గోడకి చెయ్యి ఆనించుకుంది.

"అయ్యో, ఎందుకు రానివ్వం నాన్నా," అంది మెరెడిత్. "వచ్చినవాళ్ళందరికీ గేటు దగ్గర 'అతిథి' అని ఒక స్టిక్కరు ఇస్తారు. అది అంటించుకుంటే చాలు."

ఇక లియోనీ కాదనలేకపోయింది. ఆ సాయంత్రం ముగ్గురం వెళ్ళాం. వాడు జాకెట్టు మీద స్టిక్కరు అంటించుకుని, జిమ్‌వైపు చూడను కూడా చూడకుండా, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నేరుగా మూడో గదికి లాక్కెళ్ళాడు. తలుపు తీసే ఉంది. అవే కుర్చీలు, అదే కిటికీ. కాకపోతే తలుపు మీదా, కిటికీ మీదా, గడియారం మీదా, ప్రతి వస్తువు మీదా పెద్ద అక్షరాలతో దాని పేరు రాసి అంటించారు, చిన్నపిల్లలు నేర్చుకోవడానికి.

ఎమెట్ తలుపు మీది చీటీ మీద వేలు పెట్టాడు. పెదాలు కదిలాయి. వదిలేసి కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడా వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కిటికీ దగ్గరికి. వెనక్కి తిరిగేసరికి వాడి మొహం పాలిపోయి ఉంది.

"అమ్మమ్మా, నాకు చదవడం పోయింది."

"పోలేదు నా తండ్రీ, పోలేదు." లియోనీ ఆ చిన్న కుర్చీలో కూలబడి వాణ్ణి దగ్గరికి లాక్కుంది. "అది వేరే భాష. ఫ్రెంచి. అది తలుపు, ఇది కుర్చీ, అది కిటికీ."

వాడు ఆమె మొహంలోకి చూశాడు. "నీకొచ్చా?"

"వచ్చు."

"మరి నాకెందుకు నేర్పలేదు? నేర్పి ఉంటే నన్ను ఇక్కడే ఉండనిచ్చేవాళ్ళు కదా?"

లియోనీ వాడి జాకెట్టు మీది స్టిక్కరు నిమిరింది. వాడు జవాబు కోసం చూస్తూ నిలబడ్డాడు. జిమ్‌లో మైకులోంచి ఆమె పేరు పిలుస్తున్నారు, చప్పట్లు కూడా మొదలయ్యాయి. ఆవిడ రాదని చెప్పడానికి నేను అటు వెళ్ళాను.