తాడు పట్టినవాళ్ళ వాటా

"అన్నీ సర్దినావా?" అని అడిగాడు బెన్హర్, అద్దం ముందు తల దువ్వుకుంటూ.

రెండే మాటలు. వాటికి జవాబు చెప్పడానికి నవోమి తెల్లారగట్ల నాలుగింటికే లేచింది. డజను కోడిగుడ్లు ఉడికాయి, నిమ్మకాయ పులిహోర కలిసింది, కోడిముక్కలు వేగాయి, పెరుగన్నంలో దానిమ్మ గింజలు పడ్డాయి. గుడ్లు వాటంతటవే నీళ్ళలోకి దూకి ఉడికి, వాటంతటవే పొట్టు విప్పుకుని, బడిపిల్లల్లాగా వరసగా డబ్బాలో కూర్చుంటాయని ఆ ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పదకొండేళ్ళుగా ఎవరూ కదిలించలేదు. డబ్బాల పైన తువ్వాళ్ళు, తువ్వాళ్ళ పైన మార్చుకునే బట్టలు, అత్తగారి బీపీ మాత్రలు, పిల్లవాడికి రెండో నిక్కరు, రెండోది తడిస్తే మూడోది, మూడోదాన్ని గురించి దేవుడికే తెలుసు కాబట్టి నాలుగోది కూడా. ఆ సంచి ఎత్తి ఆటోలో పెడితే ముందు చక్రం భూమినుంచి జానెడు పైకి లేచింది. నమ్మకపోతే ఆటో నడిపిన హరినాథ్‌ని అడగండి. నెల్లూరునుంచి ఇందుకూరుపేట దాకా వెనక రెండు చక్రాల మీదే తోలానని ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు.

దసరా సెలవులకు మైపాడు సముద్రానికి పోవడం ఆ ఇంటి ఆనవాయితీ. బెన్హర్, నవోమి, పదేళ్ళ ఫేబీ, ఆరేళ్ళ యెహోషువ, బెన్హర్ తల్లి ఎలిశబెతు. పెళ్ళయినప్పటినుంచీ నవోమి ఏటా పోతూనే ఉంది. సముద్రాన్ని పదకొండుసార్లు చూసింది, పదకొండుసార్లూ ఒకే చోటునుంచి. ఇసకలో దుప్పటి పరుస్తారు. దాని మీద చెప్పులు, ఫోన్లు, గడియారం, కళ్ళజోళ్ళు, అన్నం డబ్బాలు. వాటి మధ్యలో నవోమి. పెళ్ళయిన మొదటి ఏడు "నువ్వు ఇక్కడ కూర్చో, ఇప్పుడే వస్తా" అని చెప్పి నీళ్ళలోకి పోయాడు బెన్హర్. అప్పటినుంచీ ఆ 'ఇప్పుడే' రాలేదు.

ఆటో ఊరు దాటి సరుగుడు తోపుల్లోకి వచ్చాక ఆమె నెమ్మదిగా అంది. "ఈసారి నేనూ దిగతానండీ."

"దిగు. ఎవరొద్దన్నారు?" అన్నాడు బెన్హర్. మనసారా అన్నాడు. మంచివాడు. పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనడు, జీతం లేకుండా పన్నెండు గంటలు షాపులో కూర్చోబెడతాడు, అంతే.

ఎవరూ వద్దనలేదు, అదే తమాషా. పదకొండేళ్ళలో ఒక్కసారీ ఒక్కరూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడొచ్చు. ఇక్కడ పోట్లాడటానికి మనిషే దొరకడు. పిల్ల తువ్వాలు అడుగుతుంది, పిల్లాడు నీళ్ళడుగుతాడు, అత్త మాత్ర అడుగుతుంది, ఇంతలో పొద్దు వాలుతుంది. షాపులోనూ ఇదే వరస. కలెక్టరాఫీసు సందులో వాళ్ళకొక జిరాక్సు షాపు ఉంది. మిషన్లో కాగితం ఇరుక్కుంటే తీసేది నవోమి, ఆధార్ అప్‌డేట్లు చేసేది నవోమి, హాల్‌టికెట్టు రాలేదని ఏడ్చే పిల్లలకు ఓదార్పు చెప్పేది నవోమి. వచ్చినవాళ్ళు ఆమె ముందే నిలబడి, ఆమె ముఖంలోకే చూసి, "షాపులో ఎవరూ లేరామ్మా?" అని ఆమెనే అడుగుతారు. ఎవరైనా బంధువులు "మీ ఆవిడేం చేస్తాది?" అంటే బెన్హర్ "ఏం చెయ్యదు, ఇంట్లోనే" అంటాడు. అత్త దానికి తన వంతు కలుపుతుంది: "ఊరికే కూర్చోలేక షాపుకి పోతాది." ఊరికే కూర్చోలేకపోవడం ఆమెకున్న జబ్బేమో అన్నట్టు. ఇవన్నీ తలుచుకుని నవోమి ఏడవలేదు. ఏడవడానికి తీరిక కావాలి. ఒక్కటే అనుకుంది: ఈ ఏడు మాత్రం నడుం దాకా తడవాలి. ముప్ఫై ఏడేళ్ళ ఆడమనిషి, సముద్రానికి పద్నాలుగు మైళ్ళ దూరంలో కాపురం, మోకాళ్ళు ఉప్పునీళ్ళు ఎరగవంటే ఎవరితో చెప్పుకునేది?

మైపాడులో దిగారు. అక్టోబరు ఎండ మబ్బులోంచి పల్చగా పడుతోంది. దుప్పటి పరిచీ పరవకముందే మూడు జతల చెప్పులు దాని మీద వచ్చి పడ్డాయి. "చూస్తుండు" అని బెన్హర్ గడియారం విప్పి ఆమె ఒళ్ళో పెట్టాడు. తండ్రీ పిల్లలూ కేకలేసుకుంటూ పోయారు.

"అత్తా, కాసేపు మీరు చూస్తారా? అట్ట నీళ్ళ దాకా పోయొస్తా" అంది నవోమి.

ఎలిశబెతు గొడుగు కింద కాళ్ళు చాపుకుంది. "నాకు కళ్ళు మూతలు పడిపోతాయమ్మే. ఎవడన్నా ఎత్తుకపోతే? అయినా ఆ నీళ్ళలో ఏముండాది, ఉప్పు. మేమూ ఇట్టనే కూర్చున్నాం మా కాలంలో. మాకేమన్నా తక్కువయిందా?"

నవోమి గడియారం వైపు చూసింది. అందులో ముల్లు కూడా తీరిగ్గానే తిరుగుతోంది.

అప్పుడు పక్కన సందడి లేచింది. పల్లెకారులు పెద్దవల లాగుతున్నారు. వల ఒక కొన ఒడ్డున ఉంచి, పడవలో పోయి సముద్రాన్ని చుట్టబెట్టినట్టు వేసి, రెండో కొన ఇంకోచోట ఒడ్డుకు తెస్తారు. తర్వాత రెండువైపులా జనం బారులు తీరి తాళ్ళు లాగుతారు. అవతలి తాడుకు పదిహేనుమంది ఉన్నారు. ఇవతలి తాడుకు తొమ్మిదిమందే. కుర్రవాళ్ళంతా కృష్ణపట్నం పోర్టు పనులకు పోయారు. వల ఒకవైపుకు ఒరుగుతోంది.

తాడు ముందున్న ముసలాయన గంగులయ్య అరుస్తున్నాడు. "లాగండ్రా! లోపల తిమింగలం పడుండాది! నిన్న పడింది మొన్నటిదానికి తమ్ముడు, ఇయ్యాల పడింది వాళ్ళ నాయన!"

తాడు మీద ఉన్న కామమ్మ అనే ఆవిడ వెనక్కి తిరిగి నవోమిని చూసింది. "ఏమ్మా, ఊరికే కూర్చోనుండావే, వచ్చి ఒక చెయ్యెయ్యరాదా?"

ఊరికే! ఆ మాట మామూలుగా నవోమికి గుచ్చుకుంటుంది. ఈసారి ఎందుకో నవ్వొచ్చింది. చెప్పుల మధ్యనుంచి లేచింది. గడియారం అత్త ఒళ్ళో పెట్టింది. కొంగు దోపి పోయి తాడు పట్టుకుంది.

"ఒక మాట చెప్తున్నా," అన్నాడు గంగులయ్య, "తాడు పట్టినోళ్ళకి వాటా ఉంటాది, కొత్తోళ్ళయినా సరే. కానీ వల గట్టెక్కిందాకా తప్పుకోకూడదు. మధ్యలో పోయినోళ్ళకి తోకముక్క కూడా రాదు."

"అట్టనే అన్నా."

తాడు లాగడమంటే నిలబడి లాగడం కాదని అప్పుడు తెలిసింది. అడుగు వెనక అడుగు వేస్తూ ఇసకలోకి వస్తారు. చివరికి వచ్చినవాళ్ళు తాడు వదిలి, నడిచిపోయి, నీళ్ళలో అందరికన్నా ముందు మళ్ళీ పట్టుకుంటారు. అట్లా వంతు తిరుగుతూ ఉంటుంది. నవోమి వంతు వచ్చింది. నడిచింది. పాదాలు, పిక్కలు, మోకాళ్ళు. అల వచ్చి నడుం దాకా ఒక్కసారి కొట్టి ఆమె నోట్లో ఇంత ఉప్పు పోసి పోయింది. పదకొండేళ్ళు అడిగి అడిగి దొరకని సముద్రం, పనిలో పడి పోతుంటే దానంతటదే మీదికొచ్చింది. అరచేతులు మండుతున్నాయి, చీర సంచి కన్నా బరువెక్కింది, పెదాలు మాత్రం చెవుల దాకా పోయాయి. రెండు వంతులు తిరిగింది. మూడోది తిరిగింది.

అప్పుడు వినిపించింది.

"అమ్మా! అమ్మా! రెండుకొస్తాంది!"

యెహోషువ. నిక్కరు రెండు చేతులా పట్టుకుని ఒడ్డున గెంతుతున్నాడు. వాడి వెనక బెన్హర్, నిండా తడిసిన కోడిలా. "నవోమీ! వాడికి అర్జెంటంట! రా బిరీన!"

ఆమె చేతులు సడలాయి. తల్లి చేతులు, చెప్పకముందే సడలుతాయి. కామమ్మ ఆమె వైపు చూసింది. వల ఇంకా యాభై గజాల దూరంలో ఉంది. తాడు వదిలితే ఈ చోటు పోతుంది, మళ్ళీ ఏడాది దాకా రాదు. వదలకపోతే పిల్లాడి నిక్కరు. ఆరేళ్ళుగా ఆ నిక్కరు ఆమెది. రాత్రీ పగలూ, పెళ్ళిళ్ళలో, చర్చి ప్రార్థనల మధ్యలో ఆమెదే. వాడికి తండ్రి కూడా ఉన్నాడని వాడికే తెలియదు పాపం, తండ్రికి అంతకన్నా తెలియదు.

"నవోమీ! వినపళ్ళా?"

ఒడ్డునుంచి ఇంకో గొంతు లేచింది. చర్చిలో మైకు లేకుండా పాట పట్టే గొంతు అది.

"నువ్వే తీసకపోరా! వాడు నీకు కొడుకు కాదా? అది పనిలో ఉండాది!"

ఎలిశబెతు. గొడుగు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది.

బెన్హర్ తల్లి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, కొడుకు నిక్కరు వైపు చూశాడు. వాణ్ణి చంకన వేసుకుని సరుగుడు తోపు వైపు పరిగెత్తాడు. ఆ పరుగుకు ఇసక లేచి మైపాడు ఊళ్ళో కాసేపు ఎండ కనపడలేదని అంటారు.

నవోమి చేతులు మళ్ళీ బిగిశాయి. అది పనిలో ఉండాది. తన గురించి ఆ మాట ఆ నోట ఇంతకుముందు రాలేదు. కళ్ళలో పడ్డవి ఉప్పునీళ్ళే అనుకుంది. తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు కాబట్టి.

వల గట్టెక్కింది. తిమింగలం లేదు, వాళ్ళ నాయన కూడా లేడు. నెత్తళ్ళు, కానాగంతలు, నాలుగు పీతలు. గంగులయ్య వల ఖర్చుకు, పడవకు పక్కన పెట్టి, మిగిలినవి తాడు పట్టినవాళ్ళ లెక్కన ఇసక మీద కుప్పలు పోశాడు. ఒక కుప్ప ముందు ఆగి నవోమిని పిలిచాడు. "ఇది నీదమ్మా."

బెన్హర్ అప్పుడే కొడుకును దించి వచ్చాడు. సంబరపడిపోతూ వంగి కుప్ప మీద చెయ్యి వేశాడు. "మాకా? ఎందుకులే అన్నా, మా ఆవిడ సరదాగా పట్టుకునింది."

"నీక్కాదు నాయనా, ఆ అమ్మికి," అంది కామమ్మ.

"సరదాగా లాగినా వల బరువు తగ్గదు సారూ," అన్నాడు గంగులయ్య.

బెన్హర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సిగ్గుపడ్డాడు. కోపం రాకుండా సిగ్గుపడడం చేతనైనవాడు కాబట్టే నవోమికి అతని మీద ఆశ. అంతలోనే అలవాటు కొద్దీ, "సరే, ఇంటికి పోయి పులుసు పెట్టు" అన్నాడు.

"పెడదాం. చేపలు తోమడం మీది."

"నాకు రాదే!"

"పొద్దున తాడు లాగడం నాకూ రాదు."

ఫేబీ పకపకా నవ్వింది. యెహోషువకు ఎందుకో తెలియకపోయినా నవ్వాడు. ఎలిశబెతు మాత్రం నవ్వలేదు. ఇసక మీద మెరిసే కుప్పను, కోడలి అరచేతుల్లో ఎర్రగా కందిన గీతలను మార్చి మార్చి చూస్తూ ఉంది.

నవోమి తడి కొంగు పిండుకుంటూ గంగులయ్య దగ్గరకు పోయింది.

"అన్నా, రేపు కూడా వేస్తారా వల?"

"వాన రాకుంటే వేస్తాం. ఏడింటికంతా ఇక్కడుండాల."

"ఉంటా. ఏడింటికి."

"రేపు షాపు?" అన్నాడు బెన్హర్ వెనకనుంచి.

"మీరు కూర్చుంటారు" అంది నవోమి, తిరిగి చూడకుండానే.

ఎలిశబెతు గొడుగు మూసింది. నెమ్మదిగా ఇసకలో నడిచొచ్చి కోడలి మోచెయ్యి పట్టుకుంది. కొడుకు వినకుండా చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

"ముసిలోళ్ళు పట్టినా వాటా ఇస్తారేమో కనుక్కోవే."