పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు

ఒక సంఖ్య చేతిలో పడిందంటే చాలు, దాని కులగోత్రాలు తేల్చందే బందరు లెక్కల మాస్టారు సుబ్రహ్మణ్యానికి ముద్ద దిగేది కాదు. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, దివిసీమలో అయినవాళ్ళను పోగొట్టుకున్న పిల్లల్లో ఒకరిని గుడివాడ హాస్టల్లో ఉంచి చదివిస్తామని ఓ సంఘం ముందుకొచ్చింది. పరీక్ష పెట్టే పని ఈయనకు అప్పగించింది. ఆఖరి ప్రశ్నగా 1022117 ఇచ్చి, ఇది ప్రధాన సంఖ్యా, లేక దేనితోనైనా భాగింపబడుతుందా తేల్చమన్నాడు.

తానేమో పుస్తకం వెనక పట్టికలో ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ, రెండు మొదలు 997 దాకా, నూట అరవై ఎనిమిది భాగహారాలు చేశాడు. ఒక్కదానితోనూ నిశ్శేషంగా పోలేదు. ప్రధాన సంఖ్యే, ఇంక తిరుగులేదనుకున్నాడు.

జహీదా అనే పిల్ల ఒక్క వరుసలో తేల్చేసింది. 1011 వర్గంలోంచి 2 వర్గం తీసేస్తే ఈ సంఖ్యే వస్తుంది, కాబట్టి ఇది 1009, 1013ల లబ్ధం అని రాసింది. సుబ్రహ్మణ్యానికి ఒళ్ళు మండింది. తను నాలుగు రోజులు చచ్చీచెడీ చేసినదాన్ని ఈ పిల్ల ఒక్క వరుసలో కొట్టేస్తుందా? గుణించైనా చూడకుండా ఎర్రసిరాతో కొట్టేశాడు మహానుభావుడు. లెక్కలు నీకు రావమ్మా అని అందరి ముందూ మందలించాడు కూడా. రెండు మార్కుల తేడాలో గుడివాడ సీటు ఇంకొకరికి పోయింది.

నెల తిరక్కుండానే తోటి మాస్టారు పిచ్చేశ్వరరావు ఆ కాగితాలు చూసి, వర్గమూలం దాకా భాగించాలి కదండీ, వెయ్యి దగ్గరే ఆగారేం అని అడిగాడు. నిజమే. ఈ సంఖ్య వర్గమూలం వెయ్యిన్నీ పది దాటుతుంది. పట్టిక వెయ్యితో అయిపోయిందని ఈయనా అక్కడే ఆగిపోయాడు. ఎంత పని చేశాడు! ఆ తర్వాతి ప్రధాన సంఖ్య 1009. దాంతో భాగిస్తే శేషం సున్నా.

ఆ సాయంత్రమే చిలకలపూడి వెళ్ళాడు. జహీదా తన మేనమామ ఇబ్రహీం ఇంట్లో కూర్చుని గిల్టు గాజులకు రాళ్ళు అతికిస్తోంది. స్కూలు మానిపించేశారట. లెక్కలు రావని మీరే అన్నారు కదండీ అన్నాడు ఇబ్రహీం. ఆ మాటలో కోపమన్నది లేదు. తిట్టినా బాగుండుననిపించింది సుబ్రహ్మణ్యానికి.

"తప్పు నాదమ్మా. నీ లెక్క రైటు," అన్నాడు. "గుడివాడ వాళ్ళకి రాస్తాను. సీటు ఇస్తారో లేదో తెలీదు గానీ, రాస్తాను."

జహీదా తల వంచుకునే చెప్పింది.

"ఆ రోజే ఇంటికొచ్చి గుణించుకున్నానండీ. సరిగ్గానే వచ్చింది. మీరు తప్పన్నారు కదా, నాకు గుణకారమే రాదేమో అనుకున్నా."

ఆయన జేబులోంచి తన భాగహారం కాగితం తీసి ఇచ్చాడు. జహీదా చేతులు తుడుచుకుని దాన్ని తిరగేసి, వెనకవైపు 1009ని 1013తో మొదటినుంచీ గుణించడం మొదలుపెట్టింది. రైటని ఆయనే చెప్పినా, ఈసారి ఆయన మాట ఊరికే నమ్మదలచుకోలేదు.